పాత కార్ల షోలో ఇంజిన్‌ని ఎలా చూడాలి, ఎలా ఫోటో తీయాలి

ముందు మీ ప్రశ్న క్లుప్తంగా. కిందటి చలికాలంలో ఉద్యోగం మీద మిషిగన్ వచ్చారు. ట్రాయ్ దగ్గర ఓ చిన్న కార్ల షోకి వెళ్లి మూడు వందల ఫోటోలు తీస్తే నాలుగు కూడా నచ్చలేదు. పెయింట్ మీద మీ నీడే కనిపిస్తోంది, ఆకాశం తెల్లగా పోయింది, బానెట్ లోపల అంతా నల్లటి గుంతలా ఉంది. అలాంటి చీకటి ఫోటో ఒకటి పెట్టారు కూడా, నారింజ రంగు ఇంజిన్, గుండ్రటి వెండి మూత అన్నారు. జూన్‌లో డియర్‌బోర్న్‌లో జరిగే మోటార్ మస్టర్ అనే పాత కార్ల షోకి వెళ్దామనుకుంటున్నారు. కెమెరాతోపాటు వచ్చిన 18-55 కిట్ లెన్స్ ఉంది, ఇంకే లెన్స్ కొనాలి? ఇంజిన్ల గురించి ఏమీ తెలియదు, లోపల ఏం చూడాలి?

సూటిగా చెప్తాను. లెన్స్ కొనకండి. లెన్స్ ముందు బిగించి తిప్పితే మెరుపు తగ్గించే ఒక సర్క్యులర్ పోలరైజర్ ఫిల్టర్, డాలర్ షాపులో దొరికే ఒక తెల్ల ఫోమ్ బోర్డు కొనుక్కోండి. గేట్లు తెరిచే టైముకే అక్కడ ఉండండి. ప్రతి కారు దగ్గరా కెమెరా ఎత్తేముందు ఓనర్‌తో రెండు నిమిషాలు మాట్లాడండి. ఈ చివరి మాట మర్యాద కోసం చెప్పట్లేదు. ఆ ఇంజిన్‌లో ఫోటో తీయదగ్గది ఎక్కడుందో ఆయనకే తెలుసు. మీకూ నాకూ కనిపించదు.

నా సంగతి కొంచెం చెప్పాలి. మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో మెకానిక్. నేను ఇక్కడికి వచ్చి పంతొమ్మిదేళ్లు, పని ఇంజిన్ టెస్టింగ్‌లో. వేసవి వచ్చిందంటే శని ఆదివారాలు పాత కార్ల దగ్గరే గడుపుతాను. కాబట్టి కింద చెప్పేదంతా చేసి చూసిందే.

మీ ఫోటోల్లో మీరెందుకు కనిపిస్తున్నారంటే

బాగా పాలిష్ చేసిన కారు అద్దంతో సమానం. కారుని ఫోటో తీస్తున్నామనుకుంటాం గానీ, నిజానికి కారులో కనిపించే ఆకాశాన్ని, చెట్లని, పక్క టెంట్‌ని, మనల్ని తీస్తున్నాం. అందుకే ముందు కారు చుట్టూ ఒకసారి తిరిగి, తలుపుల మీద ఏం ప్రతిబింబిస్తోందో చూడండి. రెండడుగులు పక్కకి జరిగితే చాలు, తెల్ల టెంట్ పోయి చెట్ల వరస వస్తుంది. చెట్లు ముదురు రంగు కాబట్టి పెయింట్ అసలు రంగు బయటపడుతుంది. మీ బట్టలు కూడా ముదురు రంగువి, గళ్ళూ గీతలూ లేనివి వేసుకోండి. పసుపు చొక్కా వేసుకెళితే ప్రతి వీల్ క్యాప్‌లోనూ ఓ పసుపు చుక్క కనిపిస్తుంది.

పోలరైజర్ పని ఇక్కడే. పెయింట్ మీద, గాజు మీద మెరుపుని బాగా తగ్గిస్తుంది. బానెట్ ఉపరితలానికి సుమారు 35 డిగ్రీల వాలులో చూస్తున్నప్పుడు దాని ప్రభావం ఎక్కువ. నెత్తిమీద నుంచి నిటారుగా చూస్తే దాదాపు ఏమీ చేయదు. రింగ్ తిప్పుతూ చూసి, మెరుపు సగం పోయిన చోట ఆపండి. మొత్తం తీసేస్తే పెయింట్ ప్రాణం లేనట్టు, రబ్బరులా కనిపిస్తుంది.

అది పనిచేయని చోట్లు రెండున్నాయి. క్రోమ్ మీద మెరుపు పోలరైజర్‌కి లొంగదు. లోహం మీద నుంచి తిరిగొచ్చే వెలుతురు స్వభావమే వేరు. బంపర్‌లో మీరు కనిపిస్తుంటే పక్కకి జరగడమే మార్గం. రెండోది, కొన్ని కార్ల పక్క అద్దాల మీద, వెనకద్దం మీద పోలరైజర్ పెట్టగానే మచ్చలు మచ్చలుగా చారలు తేలతాయి. అది ఫిల్టర్ లోపం కాదు. గట్టిపరిచిన గాజులో ఉండే ఒత్తిడి గీతలు అలా బయటపడతాయి. అప్పుడు ఫిల్టర్ తీసేయండి. ఎలాగూ అది వెలుతురుని ఒకటిన్నర నుంచి రెండు స్టాప్‌ల దాకా (ఒక స్టాప్ అంటే వెలుతురు సగమవడం) తినేస్తుంది కాబట్టి, అవసరం లేనప్పుడు లెన్స్ మీద ఉంచకండి.

ఇక 18 ఎంఎం దగ్గర పెట్టి కారు ముక్కు దగ్గర నిలబడి తీస్తే హెడ్‌లైట్ ఉబ్బిపోయి, వెనక భాగం కుంచించుకుపోతుంది. డిజైనర్ గీసిన గీత పాడవుతుంది. పది అడుగులు వెనక్కి వెళ్లి 50, 55 దగ్గర తీయండి. ఫోన్‌తో అయితే 2 రెట్ల జూమ్ పెట్టండి. మోకాలి మీద కూర్చుని కెమెరాని హెడ్‌లైట్ ఎత్తుకి తెండి. ఈ రెండూ చేస్తే మీ కిట్ లెన్స్‌తోనే సగం సమస్య తీరుతుంది.

నల్ల కారుని కెమెరా బూడిద రంగులోకి తెస్తుంది, తెల్ల కారునీ అంతే. నల్లదానికి ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గించండి, తెల్లదానికి కొంచెం పెంచండి.

బానెట్ కింద నల్లటి గుంత

మిట్టమధ్యాహ్నం ఎత్తిన బానెట్ కింద సగం ఎండ, సగం నీడ. కళ్ళు సర్దుకుంటాయి, కెమెరా సర్దుకోలేదు. ఎయిర్ క్లీనర్ (ఇంజిన్‌కి వెళ్ళే గాలిని వడపోసే డబ్బా) మూత మీద ఎండ పడి మెరుస్తుంటే కెమెరా దాన్ని చూసి భయపడి మిగతాదంతా చీకటి చేస్తుంది. మబ్బు పట్టిన రోజైతే పండగే. ఎండ ఉంటే పొద్దున్నే వెళ్లండి, లేదా చెట్టు నీడలో ఉన్న కార్లతో మొదలుపెట్టండి. మోటార్ మస్టర్ జరిగే గ్రీన్‌ఫీల్డ్ విలేజ్‌లో చెట్లూ పాత ఇళ్ళూ ఉన్నాయి, రైట్ సోదరుల సైకిల్ షాపు కూడా ఓహాయో నుంచి తెచ్చి అక్కడే నిలబెట్టారు. పార్కింగ్ లాట్‌లో జరిగే షోల కన్నా అక్కడ మీకు వెలుతురూ బాగుంటుంది, బ్యాక్‌గ్రౌండూ బాగుంటుంది.

ఫోమ్ బోర్డు ఇందుకే. తోడొచ్చినవాళ్ళని ఎండలో నిలబడి బోర్డుని ఇంజిన్ వైపు వంచి పట్టుకోమనండి. నీడలో ఉన్న కార్బురేటర్ మీదికి మెత్తటి వెలుతురు వస్తుంది. ఓనర్‌ని అడిగే చేయండి, బోర్డు ఫెండర్‌కి తగలకూడదు. కెమెరా మీది ఫ్లాష్ మాత్రం వాడొద్దు. టాపెట్ కవర్ (వాల్వుల మీది మూత) మీద తెల్లటి మచ్చ పడి, దాని వెనకున్నదంతా ఇంకా చీకటవుతుంది.

అపెర్చర్ (లెన్స్ లోపలి రంధ్రం, ఎఫ్ అంకె పెరిగేకొద్దీ చిన్నదవుతుంది) విషయంలో కొత్తవాళ్ళు ఎక్కువగా పొరబడతారు. మనిషి బొమ్మ తీసినట్టు వెనకంతా మసకగా ఉంటే బాగుంటుందని ఎఫ్/4 పెడతారు. మీటరు దూరం నుంచి 35 ఎంఎం దగ్గర ఎఫ్/4 పెడితే స్పష్టంగా వచ్చే లోతు అరజానెడు. ఎఫ్/8 పెట్టినా జానెడే. ఎయిర్ క్లీనర్ పై నుంచి కింద పొగని బయటికి పంపే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ దాకా అంతకన్నా చాలా లోతుంటుంది. అందుకే ఎఫ్/8 నుంచి ఎఫ్/11 మధ్యలో పెట్టి, ఐఎస్‌ఓ 800 దాకా వెళ్లినా టెన్షన్ పడకండి. కెమెరా సొంతంగా సరిదిద్దని రా ఫైల్‌లో తీస్తే నీడలని తర్వాత కొంత లేపుకోవచ్చు. తెల్లగా కాలిపోయిన మెరుపు మాత్రం తిరిగి రాదు, కాబట్టి ఎప్పుడూ కాస్త తక్కువ వెలుతురు వైపే ఉండండి.

లోపల ఏం చూడాలి

మీ రెండో ప్రశ్న నాకు ఎక్కువ ఇష్టం.

ఇక్కడికి వచ్చిన రెండో ఏడాది ఓ షోలో చిన్న ఎర్ర ఎంజీఏ కారు చూశాను. 1950ల బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. బానెట్ ఎత్తి ఉంది. లోపలికి చూడగానే కాళ్ళు ఆగిపోయాయి. టాపెట్ కవర్ మీద రెండు నట్లు, కార్బురేటర్లూ ఎగ్జాస్టూ ఒకే పక్క, అవతలి పక్క ప్లగ్‌లకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్. అది మా నాన్న షెడ్డులోని అంబాసిడర్ ఇంజిన్. ఆ కవర్ ఎత్తి, సందు కొలిచే ఫీలర్ గేజ్ పెట్టి, క్రాంక్ తిప్పుతూ ఒక్కో వాల్వూ ఆయన సరిచేస్తుంటే టార్చ్ పట్టుకున్నది నేనే. ఓనర్‌ని అడిగాను, 1489 సీసీయేనా అని. అవునన్నాడు. ఉత్తరపారాలో 2014 దాకా తయారైన మన అంబాసిడర్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిందే. అందులో చాలా ఏళ్లు నడిచిన 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్, ఈ ఎంజీఏ ఇంజిన్, రెండూ బ్రిటిష్ కంపెనీ బీఎంసీ వాళ్ళ బి-సిరీస్ కుటుంబం. దీనికి రెండు కార్బురేటర్లు, మనదానికి ఒకటి. పెళ్ళిళ్ళకి పదిమందిని ఎక్కించుకుని తిరిగిన ఇంజిన్‌కి స్పోర్ట్స్ కారులో ఓ తోబుట్టువు ఉందని ఆ రోజే తెలిసింది. అప్పటినుంచి ప్రతి బానెట్ కిందా చుట్టరికాలు వెతకడం అలవాటైంది.

మీరు వెళ్లబోయే షోలో ఎక్కువ అమెరికన్ కార్లే ఉంటాయి. ఇక్కడ ఇంజిన్ సైజు ఘనపుటంగుళాల్లో చెప్తారు. ఒక ఘనపుటంగుళం దాదాపు 16.4 సీసీ అని గుర్తుపెట్టుకుంటే లెక్క సులువు. చూడగానే గుర్తుపట్టగలిగినవి కొన్ని చెప్తాను.

ఫోర్డ్ ఫ్లాట్‌హెడ్ వి8. 1932లో వచ్చింది, 221 ఘనపుటంగుళాలు, 65 హార్స్‌పవర్. అప్పటిదాకా వి8 (వి ఆకారంలో రెండు వరసలుగా ఎనిమిది సిలిండర్లు) అంటే ఎక్కువగా డబ్బున్నవాళ్ళ కార్లకే. ఫోర్డ్ బ్లాక్ మొత్తాన్ని ఒకే పోతలో పోయించి చవక కారులో పెట్టాడు. ఆ పోత ఎంత కష్టమో మన ఆటోనగర్ ఫౌండ్రీల్లో పనిచేసినవాళ్ళని అడిగితే చెప్తారు. వాల్వులు బ్లాక్‌లోనే ఉంటాయి కాబట్టి పైన టాపెట్ కవర్ ఉండదు. పలకలాంటి హెడ్, దాని మీద వరసగా నట్లు. మొదటి ఏళ్ల హెడ్‌లకి 21, తర్వాతవాటికి 24. పై నుంచి తీయండి, ఆ నట్ల వరసలే ఫోటో.

షెవ్రొలే స్మాల్ బ్లాక్ వి8. 1955లో 265 ఘనపుటంగుళాలతో మొదలైంది. అంటే 4,300 సీసీ పైమాటే, మన అంబాసిడర్‌కి దాదాపు మూడు రెట్లు. 1957లో 283కి పెంచి, ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టి 283 హార్స్‌పవర్ ప్రకటించారు, అంగుళానికి ఒక గుర్రం. ఆ ఇంజెక్షన్ ఉన్న కారు కనిపిస్తే వదలకండి. మామూలుగా గుండ్రటి ఎయిర్ క్లీనర్ కనిపించే చోట అల్యూమినియం పెట్టె కనిపిస్తుంది.

క్రైస్లర్ 426 హెమీ. 1966 నుంచి 1971 వరకు రోడ్డు కార్లలో వచ్చింది, ప్రకటించిన బలం 425 హార్స్‌పవర్. వెడల్పాటి టాపెట్ కవర్లు, ఒక్కో కవర్ మధ్యలోంచే స్పార్క్ ప్లగ్ వైర్లు లోపలికి దిగిపోతాయి. ప్లగ్ అర్ధగోళం ఆకారంలో ఉన్న గది నడినెత్తిన ఉంటుంది కాబట్టి అలా. బొమ్మలో ఆ వైర్లు దిగే చోటు లేకపోతే హెమీని తీసినట్టు కాదు.

ఇక డ్యూసెన్‌బర్గ్ మోడల్ జె కనిపిస్తే మిగతావన్నీ పక్కనపెట్టి దాని దగ్గరే ఉండండి. 1928 చివర్లో వచ్చింది. 420 ఘనపుటంగుళాలు, ఒకే వరసలో ఎనిమిది సిలిండర్లు, పైన వాల్వులు తెరిచే రెండు క్యామ్‌షాఫ్ట్‌లు, కంపెనీ చెప్పుకున్న బలం 265 హార్స్‌పవర్. ఇంజిన్‌కి వేసింది పచ్చ రంగు. అంత పొడుగు ఇంజిన్‌ని పక్కనుంచి, అడ్డంగా, మొత్తం వచ్చేలా తీయండి.

రంగుల మాట వచ్చింది కాబట్టి: షెవ్రొలే వి8లు చాలావరకు నారింజ, ఫోర్డ్ 1966 నుంచి నీలం. ఎర్ర బానెట్ కింద ఆ నారింజ మీద ఎర్ర ఛాయ పడుతుంది, అందుకని ఆటో వైట్ బ్యాలెన్స్‌ని నమ్మకండి. తెల్ల ఫోమ్ బోర్డుని ఒక ఫ్రేములో పెట్టి తీసుకుంటే ఇంటికెళ్ళాక దాన్ని చూసి రంగు సరిచేసుకోవచ్చు.

ఓనర్‌ని ఏం అడగాలి

రేటెంత అని అడగొద్దు. "దీనితో మిమ్మల్ని బాగా ఏడిపించిన భాగం ఏది?" అని అడగండి. ఈ ఒక్క ప్రశ్నకి మాట్లాడని ఓనర్‌ని నేను ఇంతవరకు చూడలేదు.

నాకు బాగా ఇష్టమైన ఫోటో అలా వచ్చిందే. 1951 ఫోర్డ్, ఆఖరి ఏళ్ల ఫ్లాట్‌హెడ్. ఇంజిన్ శుభ్రంగా ఉంది, క్రోమ్ లేదు, రెండు ఫోటోలు తీసి వెళ్లిపోదామనుకున్నాను. ప్రశ్న అడిగితే ఆ పెద్దాయన వంగి పెట్రోల్ గొట్టం చూపించాడు. దానికి వరసగా ఐదు చెక్క క్లిప్పులు, బట్టలు ఆరేసుకునేవి. ఎండాకాలం ఇంజిన్ వేడికి గొట్టంలోనే పెట్రోల్ ఆవిరై కారు ఆగిపోయేదట. వాళ్ళ నాన్న ఆ క్లిప్పులు పెట్టి నడిపేవాడు, ఈయనా అలాగే ఉంచాడు. ఇంజినీర్‌గా చెప్పాలంటే ఆ చెక్క ముక్కలు తీసుకునే వేడి చాలా స్వల్పం. కానీ ఇక్కడి పాతతరం చాలామంది అలా పెట్టేవాళ్ళు, ఆయన వాటిని తీయడు. ఒక క్లిప్పు నూనె పీల్చి నల్లబడింది, స్ప్రింగు తుప్పు పట్టింది, పక్కది మొన్న కొన్నట్టు తెల్లగా ఉంది. ఆ రెండు క్లిప్పులూ, వెనక మసకగా హెడ్ బోల్టులూ వచ్చేలా తీశాను. ఎఫ్/4 పనికొచ్చే చోటు అదే, ఒక్క వస్తువు చూపించాలనుకున్నప్పుడు.

ఇవి మాత్రం తప్పకుండా పాటించండి

కారుని ముట్టుకోకండి. చేతి గడియారం, ఉంగరం తీసి జేబులో వేసుకోండి. కెమెరా పట్టీని మెడలో వేలాడనీయకుండా చేతికి చుట్టుకోండి. మొదటి ఏడాది నేను ఇంజిన్ మీదికి వంగితే పట్టీకున్న బకిల్ ఫెండర్ అంచుకి తగిలింది. గోరంత గీత. ఆయన నన్ను ఏమీ అనలేదు, జేబులోంచి గుడ్డ తీసి ఆ చోట రెండుసార్లు తుడిచి చూసుకున్నాడు. నాలుగేళ్లు గ్యారేజీలో కూర్చుని రుద్దిన పెయింట్ అని తర్వాత తెలిసింది. డబ్బిస్తానంటే తీసుకోలేదు. ఇప్పటికీ ఏ కారు మీదికి వంగినా ముందు పట్టీ చూసుకుంటాను.

ఇంజిన్ స్టార్ట్ చేస్తే వెనక్కి జరగండి. పాత కార్లలో ఫ్యాన్‌కి కవచం సరిగా ఉండదు. చున్నీ, జడ, పట్టీ ఏదైనా లాగేస్తుంది. జరిగి నిలబడి 1/30 సెకనులో తీస్తే ఫ్యాన్ రెక్కలు గుండ్రటి పొగలా వస్తాయి, మిగతా ఇంజిన్ నిలకడగా ఉంటుంది. చేయి వణక్కుండా మోచేతులు పక్కటెముకలకి ఆనించుకోండి.

బానెట్ మూసి ఉన్న ఫోటో కావాలంటే కార్లు లోపలికి వచ్చే సమయంలోనే తీసుకోవాలి. పార్క్ చేశాక బానెట్లు ఎత్తేస్తారు, పక్కన కుర్చీలు, ఐస్ బాక్సులు చేరతాయి. మోటార్ మస్టర్‌లో కార్లు ఒక్కొక్కటీ జనం ముందు నుంచి నడుస్తూ వెళ్తుంటే వాటి చరిత్ర మైకులో చెప్తారు. అక్కడ 1/60 పెట్టి కారుతోపాటే కెమెరాని తిప్పుతూ తీయండి. పదింట్లో ఒకటి బాగా వస్తే చాలు.

ఆగస్టు మూడో శనివారం వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్ ఉంటుంది, 1995 నుంచి జరుగుతోంది. మీ ట్రాయ్‌కి పక్కనే. శనివారం జనంలో ఫోటో కష్టం. గురు, శుక్రవారాల సాయంత్రాలు వెళ్లండి, కార్లు అప్పటికే రోడ్డు మీద తిరుగుతుంటాయి, ఎండ వాలి ఉంటుంది. సెప్టెంబర్‌లో గ్రీన్‌ఫీల్డ్ విలేజ్‌లోనే ఓల్డ్ కార్ ఫెస్టివల్, 1932 దాకా వచ్చిన కార్లకి మాత్రమే. రాత్రి గ్యాస్ దీపాలు వెలిగించుకుని ఆ కార్లు వీధుల్లో తిరుగుతాయి. దానికి మాత్రం ఒక చవక 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ ఉంటే బాగుంటుంది. కొనాలనిపిస్తే అప్పుడు కొనండి.

ఇంకో పని. ఓనర్ మెయిల్ అడిగి తీసుకుని ఫోటో పంపండి, కుదిరితే ప్రింట్ వేయించి ఇవ్వండి. ఆ క్లిప్పుల ఫోటో ప్రింట్ ఇచ్చాను. మరుసటి ఏడాది అదే షోలో ఆయన దాన్ని అద్దం లోపల నిలబెట్టి పెట్టుకున్నాడు.

మీరు పెట్టిన ఆ చీకటి ఫోటో డిలీట్ చేయకండి. నీడలు పెంచి చూడండి. నారింజ రంగు ఇంజిన్, గుండ్రటి వెండి మూత అన్నారు కదా, ఆ మూత వెనక, క్యాబిన్ గోడకి ఆనుకుని, వైర్లన్నీ కలిసే నల్లటి టోపీలాంటిది ఉంటే అది డిస్ట్రిబ్యూటర్. వెనకుంటే చాలావరకు షెవ్రొలే, ఫోర్డ్ వి8లకి అది ముందు వైపు ఉంటుంది. టాపెట్ కవర్ మీద ఏమైనా అక్షరాలుంటే అదీ దగ్గరగా కత్తిరించి పెట్టండి, ఏ ఏడాదిదో చూద్దాం.